మాటను చూసే మనిషి

మొన్న విజయనగరం బస్సు కాంప్లెక్సులో శృంగవరపుకోట బస్సు కోసం కూర్చున్నాను. గోడ మీద టీవీలో వార్తలు వస్తున్నాయి. సౌండు లేదు. పొలం గట్టు మీద నిలబడ్డ ముసలి రైతు ఒకాయన ఏదో రెండు ముక్కలు చెప్పి నోరు మూసుకున్నాడు. కింద అక్షరాలు మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నాయి. "వర్షాభావ పరిస్థితుల కారణంగా నారుమడులు ఎండిపోయే ప్రమాదం ఏర్పడింది."

"అబద్ధం," అన్నాను పైకే.

పక్కన కూర్చున్నావిడ ఉలిక్కిపడింది. "ఏటమ్మా?"

"ఏం లేదండి. ఆయన అంత పొడుగు మాట అనలేదు. 'వానల్లేవు' అని ఊరుకున్నాడు."

"నీకెలాగ తెలిసినాది?"

పెదాలు చూసి తెలుసుకున్నానని చెప్తే వింతగా చూస్తుందని ఊరుకున్నాను. ఎవరు మాట్లాడినా ముందు పెదాలు చూడడం నాకు ఎక్స్ఛేంజీ అత్త దగ్గర అంటుకున్న అలవాటు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది.

అత్త నాకు చుట్టం కాదు. విజయనగరంలో వాళ్ల మేడ మీది గది మా చిన్న వీడియో ఆఫీసుకి అద్దెకిచ్చింది, అంతే. ఉద్యోగ కాలంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. ట్రంకాల్ బుక్ చేసుకుని జనం పూటంతా కాచుకునే రోజుల్లో, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, చేతిలో తీగలు పట్టుకుని, ఊరికీ ఊరికీ మాట కలిపిన మనిషి. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆవిడ ఎక్స్ఛేంజీ అత్తే. అలా చెవితో బతికిన మనిషికి యాభై దాటాక చెవులు పోయాయి. మొదట ఒకటి, తర్వాత రెండోది. మిషన్లు పెట్టించారు. "రేకుల మీద వాన పడ్డట్టు హోరే గానీ మాట లేదు" అని తీసి బీరువాలో పడేసింది. ఆ తర్వాత ఎవరూ నేర్పకుండానే పెదాలు చదవడం పట్టేసింది.

ఆవిడతో మాట్లాడాలంటే ఆవిడ పద్ధతిలోకి రావాలి. ఎవరొచ్చినా వీధి కిటికీకి ఎదురుగా కూర్చోపెట్టేది. వెలుతురు చాలకపోతే గడ్డం పట్టుకుని మొహం తిప్పేది. పింఛను పని మీద వచ్చిన ఆఫీసు మనిషినైనా సరే, "ఇటు తిరుగు బాబూ, నీ మాట సీకట్లో ఉన్నాది" అనేది. మీసాలంటే అస్సలు పడేది కాదు. ఒకసారి సొంత తమ్ముడు గుబురు మీసాలు పెంచుకుని వస్తే, "నువ్వు మాటాడతంటే గడ్డిమేటు కదిలినట్టున్నాది, గొరిగించుకు రా" అని గుమ్మంలోంచే పంపేసింది. ఆయన పాపం నిజంగానే గొరిగించుకుని వచ్చి కూర్చున్నాడు.

మాటల మధ్యలో పొయ్యి మీది కూర గుర్తొస్తే "లైన్లో ఉండండి" అని లేచిపోయేది. తిరిగొచ్చి "ఆఁ, కనెక్టెడ్" అనేది. వినడం ఇష్టం లేకపోతే కళ్లు మూసేసుకునేది. అంతకంటే గట్టి తలుపు నేను ఎక్కడా చూడలేదు. కొడుకు విశాఖపట్నం నుంచి వచ్చి, మోకాళ్లు పెద్ద డాక్టరుకి చూపిద్దామని మొదలుపెట్టగానే, కళ్లు మూసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చునేది. ఆయన చెప్పి చెప్పి అలిసిపోయాక ఒక కన్ను తెరిచి, "అయిపోనాదా?" అని అడిగేది.

తన గొంతు తనకి వినపడదు కనుక ఎంత గట్టిగా మాట్లాడుతోందో ఆవిడకి తెలిసేది కాదు. రహస్యం చెప్పాలని దగ్గరికి పిలిచి, వీధి చివరి దాకా వినపడేలా చెప్పేది.

మా పని విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు రెండూ తిరిగి, మామూలు మనుషుల చేత మాట్లాడించి, చిన్న చిన్న వీడియోలు చేసి ఫోన్లలోకి వదలడం. కెమెరా సింహాచలం చూసుకునేవాడు. కింద వేసే అక్షరాలు నావి. బస్సుల్లో, ఆఫీసుల్లో సౌండు లేకుండా చూసేవాళ్లే ఎక్కువ కాబట్టి ఆ అక్షరాలు లేకపోతే వీడియో నడవదు. నేను తెలుగు ఎమ్మే చదివినదాన్ని. ఎవరు ఎలా మాట్లాడినా అక్షరాల్లోకి వచ్చేసరికి శుభ్రం చేసేదాన్ని. "సేసినాను" అంటే "చేశాను" అని రాసేదాన్ని. కెమెరా ముందుకి వచ్చిన మనిషిని కాస్త కొంగు సర్దుకోమ్మా అని చెప్పడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం అత్త మెట్లెక్కి మా గదికి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఎప్పుడూ పైకి రాని మనిషి. ఆయాసపడుతూ కుర్చీలో కూలబడి ఫోను నా మొహం మీద పెట్టింది. రామతీర్థం పక్క ఊళ్లో బుట్టలల్లే ముసలావిడ మీద మేం చేసిన వీడియో అది.

"ఒసే, ఇది ఎవుళ్లు రాసినారు?"

"నేనే అత్తా."

"ఈవిడ 'ఏటి సెయ్యమంటావు బాబూ' అన్నాది. నువ్వు 'ఏమిటి చేయమంటావు' అని రాసినావు."

"రెండూ ఒకటే కదా అత్తా."

"ఒకటెలాగవుతాది? 'మి' అనాలంటే పెదాలు రెండూ కలవాల. అను, నువ్వే అను."

అన్నాను. కలిశాయి.

"ఈవిడవి కలిసినాయేటి? సూడు, మళ్లీ సూడు. కలవలేదు. మరి నీకు 'మి' ఎక్కడ దొరికినాది?"

సింహాచలం కెమెరా తుడుచుకుంటూ ముసిముసిగా నవ్వుతున్నాడు. అత్త వీడియో ఇంకాస్త ముందుకి జరిపింది.

"ఇక్కడ 'వాన వస్తుంది' అని రాసినావు. 'తుం' అంటే మూతి సున్నా సుట్టాల. ఈవిడ నోరు బార్లా తెరిసే ఉన్నాది. 'వస్తాది' అన్నాది."

"జనం నవ్వుతారు అత్తా. పెద్దావిడని నలుగురిలో నవ్వులపాలు చెయ్యడం ఎందుకని దిద్దాను."

"నవ్వితే నవ్వినోడి పళ్లు కనపడతాయి. ఆవిడకేటి?"

అప్పుడు చెప్పింది తన ట్రైనింగు సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫోనెత్తి "హలో, సెప్పండి" అంటే సూపర్‌వైజరు ప్రతిసారీ ఆపేవాడట. 'సె' కాదమ్మా, 'చె'. మళ్లీ అను. మళ్లీ అను. అన్నంలో రాయి పడ్డట్టు నోట్లో ఆ 'చె' పెట్టుకుని ఇంటికొచ్చేదట.

"డ్యూటీలో 'చెప్పండి', ఇంటికొస్తే 'సెప్పు'. రెండు నాలికలతో బతికినానే. అది నా ఇష్టం, ఉద్యోగం కోసం పెట్టుకున్నాను. ఈ ముసిల్దాన్ని అడిగినావేటి నువ్వు, నాలిక మార్సీమంటావా అని?"

అంతలోనే ఆవిడ గొంతు కాస్త దిగింది. దిగిందంటే ఆవిడ లెక్కలో దిగడమే. కింద వీధిలో వాళ్లు విని ఉంటారు.

"నువ్వు పుస్తకం తెలుగు రాస్తే నాకు వార్తలు సదివేవోడి గొంతు వినపడతాది. ఎవుళ్లు మాటాడినా వాడి గొంతే. 'ఏటి' అని రాసినావనుకో, మా నౌపడ పెద్దమ్మ వినపడతాది. మా అత్తారి వీధి వినపడతాది. నాకు సెవుల్లేవు కదే. నువ్వు రాసిందే నా సెవి."

ఆ వారం నుంచే దిద్దడం మానేశాను. అన్నది అన్నట్టు రాశాను. బయటికి వదిలే ముందు ప్రతి వీడియో తీసుకుని కిందికి దిగేదాన్ని. ఆవిడ ఫోను ముక్కుకి ఆనించుకుని చూసి, బాగుంటే "కనెక్టెడ్" అనేది. ఎక్కడైనా పెదాలకీ అక్షరాలకీ పొత్తు కుదరకపోతే "రాంగ్ నంబర్" అని వెనక్కిచ్చేది. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. జిల్లాలో ఇంకెవరూ చెయ్యని పని మేం చేస్తున్నామనిపించేది.

నూకరత్నం వీడియో ఆ ఊపులోనే చేశాం.

నౌపడ దాటి ఉప్పుమడుల మీదుగా వెళ్తే సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. మగవాళ్లు వేటకి పోతే ఆడవాళ్లు చేపలు ఆరబెట్టి అమ్ముతారు. ఆ ఆరబెట్టే ఇసక దిబ్బని ఏదో కట్టడం కోసం తీసుకుంటారని కబురొచ్చింది. ఊళ్లో మీటింగు పెట్టారు. పై రాష్ట్రం నుంచి వచ్చిన ఆఫీసరు ఒకాయన కుర్చీలో కూర్చుంటే, నూకరత్నం కొంగు బిగించి ఆయన ఎదుట నిలబడింది. "మా జాగా తీసీసి, సేపలు ఎక్కడ ఆరబెట్టుకోమంటారు బాబూ, మీ నెత్తి మీదేటి?" అని అడిగింది. కోపంలో ఆవిడ తడబడిన ముక్కలతో సహా ఉన్నదున్నట్టు రాసి వదిలాం.

వీడియో ఎక్కడెక్కడికో వెళ్లింది. చూసినవాళ్ల కామెంట్లు కింద పుట్టలా పెరిగాయి. ఆవిడ అడిగిన ప్రశ్న గురించి రాసినవాళ్లు కొద్దిమందే. "ఇది తెలుగేనా?" అని ఒకరు. "ఈ సబ్‌టైటిల్స్‌కి మళ్లీ సబ్‌టైటిల్స్ కావాలి" అని ఇంకొకరు. ఆవిడ తడబాటుని పాటలా కట్టి అనుకరించినవాడు మరొకడు.

ఆవిడ కూతురు గౌరి శ్రీకాకుళంలో నర్సింగు చదువుతోంది. నాకు ఫోను చేసింది. "మా అమ్మని ఊరందరి ముందు ఎగతాళి చేయించారు మేడమ్. ఆ వీడియో తీసెయ్యండి."

కిందికి దిగి అత్తకి చెప్పాను. కళ్లు మూసుకుంటుందేమో అనుకున్నాను. మూసుకోలేదు. "తియ్యకు. పద, ఎల్దాం. తల్లి మాట ఇలవ ఆ గుంటకి తెల్దు. నేను సెప్తాను" అని చెప్పుల కోసం వెతికింది.

రైల్లో నౌపడకి ప్రయాణం. పాసింజరు బండి నిండా జనం. అత్త కిటికీ దగ్గర కూర్చుని, అందరి మాటలూ చూస్తూ నాకు గుసగుసగా చెప్తోంది. "ఆ మూలాయన పెళ్లానికి ఫోన్లో అబద్ధమాడతన్నాడే. పలాస పని మీద ఎల్తన్నానంటన్నాడు. ఇందాక పక్కోడితో ఏటో పెళ్లని సెప్పినాడు." ఆ గుసగుస పెట్టె అంతా విన్నది. మూలాయన గబుక్కున ఫోను కట్టేశాడు.

మేం వెళ్లేసరికి నూకరత్నం ఇసక దిబ్బ మీదే ఉంది. పరదాల మీద ఆరబెట్టిన చిన్న చేపలు, నెత్తళ్లు, తిరగేస్తోంది. సెలవులకి వచ్చిన గౌరి తల్లికి గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. మమ్మల్ని చూడగానే మొహం తిప్పుకుంది. అత్త నేరుగా ఆ పిల్ల దగ్గరికే వెళ్లి, గడ్డం పట్టుకుని మొహం ఎండకి తిప్పుకుంది.

"మీ యమ్మ మాట బంగారంలాంటి మాటే. సిగ్గుపడాల్సిందేటున్నాది అందులో?"

గౌరి చెయ్యి విడిపించుకుంది. ప్రతి అక్షరం విడమరిచి, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడింది. "మీకేం తెలుసండీ? కాలేజీలో మొదటి రోజు 'సేపలు' అన్నాను. ఏడాదంతా నన్ను 'సేప' అనే పిలిచారు. ఇప్పుడు మా అమ్మ వీడియో నా ముందే పెట్టుకుని చూస్తున్నారు. మీరు మా మాట విని సంతోషించి ఇంటికి వెళ్లిపోతారు. అక్కడ ఉండాల్సింది నేను."

అత్త ఆ పిల్ల పెదాల మీంచి చూపు తిప్పలేదు. చివరి మాట దాకా చూసింది.

నూకరత్నం చేతులకంటిన పొలుసులు కొంగుకి తుడుచుకుంది. "నువ్వుండవే గౌరీ. అమ్మా, నా మాటకి నాకు సిగ్గు నేదు. నాను పుట్టినకాడ్నించి ఇదే మాట. నవ్వినోళ్లని మా ఊరొచ్చి మాటాడమను, అప్పుడు నానూ నవ్వుతాను. నాకు కోపమొచ్చింది అందుక్కాదు."

"మరెందుకు?" అన్నాను.

"'మా అత్త కాలంనించి, కాదు మా యమ్మ, కాదులే అత్తే' అన్నాను కదా. అదంతా ఏల రాసినావు? కోపంలో నాలిక మడత పడినాది. నీకు పడదేటి? అది మా ఊరి మాట కాదు, తడబాటు. మనిసి జారి పడితే ఆ పటం తీసి గోడకి తగిలిస్తారేటమ్మా?"

నేను తలూపాను. ఆవిడ ఇంకా ఆపలేదు.

"ఇంకోటి. ఆ ఆపీసరు బాబు. ఆయన తెలుగు నాకంటే అన్నేయం. ఆడా మగా తేడా నేదు, నానూ నువ్వూ తేడా నేదు. నాది సంతలో గోల లాగ రాసి, ఆయన్ది గుళ్లో మంతరం లాగ రాసినారు. ఆయన నోటికొక రూలు, నా నోటికొక రూలా?"

అత్త ఫోను లాక్కుని వీడియో మళ్లీ పెట్టింది. ఆఫీసరు మాట్లాడే చోట ఆపింది. నడిపింది. మళ్లీ ఆపింది. ఆయనకి పై పెదవి మొత్తం కప్పేసే మీసాలు.

"మీసం," అంది. "ఈయన మాట నాకు కనపళ్లేదే. నీ అక్షరాలే నమ్మినాను." తర్వాత నూకరత్నం వైపు తిరిగింది. "ఏటన్నాడాయన?"

నూకరత్నం నడుం మీద చేతులు పెట్టుకుని, ఆఫీసరు లాగే మెడ నిక్కించి చెప్పింది. "'మీ జాగా ఊరికే తియ్యదు. ముందు వేరే జాగా చూపిస్తుంది. మీకు బాగుంది అంటే, అప్పుడు తీస్తుంది.' ఇదీ ఆయనన్నాది. ఊరందరం విన్నాం. వీడియోలో గౌరి సదివితే ఆ మాటే నేదు."

వీడియోలో నేను రాసింది ఇది: "ప్రత్యామ్నాయ స్థలం కేటాయించే అంశాన్ని పరిశీలించి తగు నిర్ణయం తీసుకుంటాం." ఆ రోజు మీటింగు అవగానే ఆయన గుమస్తా నా దగ్గరికొచ్చి, సార్‌కి తెలుగు సరిగా రాదు, కాస్త మంచిగా రాయండమ్మా అని అడిగాడు. వేరే భాష మనిషి కష్టపడి మన భాష మాట్లాడాడు, నవ్వులపాలు కాకూడదని సరే అన్నాను. తియ్యదు, చూపిస్తుంది, తీస్తుంది అని రాయలేక ఆఫీసు తెలుగులో పెట్టాను. వ్యాకరణం కుదిరింది. ఆయన ఇచ్చిన మాట ఎగిరిపోయింది.

గౌరి అప్పటికి కాస్త మెత్తబడింది. "ఆ మాట పట్టుకుని అడుగుదామంటే ఇప్పుడు ఎవరూ ఒప్పుకోవడం లేదండి. జనం గోలలో ఆయన గొంతు సరిగ్గా వినపడదు. అందరూ అక్షరాలే చూస్తున్నారు. 'సార్ పరిశీలిస్తామన్నారు, అంతే' అంటున్నారు."

అత్త ఇసకలోనే కూర్చుంది. నన్నూ కూర్చోమంది. "ఆవిడ నోరు, ఆవిడ సెప్పినట్టు రాయి. ఆయన నోరు, ఆయనన్నట్టు రాయి."

గౌరి గొడుగు కింద పెట్టి, వీడియోలోని ప్రతి ముక్కా తల్లికి చదివి వినిపించింది. నూకరత్నం నెత్తళ్లు తిరగేస్తూనే, ఇది ఉంచు, ఇది ఒగ్గీ అని చెప్తూ వచ్చింది. తడబాటు పోయింది. కోపం ఉండిపోయింది.

"'సేపలు' అన్నచోట దిద్దమంటావా అమ్మా?" అని గౌరి అడిగింది.

"ఏల? దిద్దితే సేపలు మారిపోతాయేటి? ఉంచు."

కూతురు కాసేపు తల్లి వైపు చూసి, తర్వాతి వాక్యం చదివింది.

తిరుగు రైల్లో అత్త మిగతావాళ్ల పెదాల జోలికి వెళ్లలేదు. చాలాసేపటికి, "నేను నా సెవి గురించే ఆలోసించినానే. ఆవిడ నోరు ఆవిడదని అనుకోలేదు" అంది. ఆ తర్వాత కళ్లు మూసుకుంది.

కొత్త అక్షరాలతో వీడియో మళ్లీ పెట్టాం. తర్వాతి మీటింగుకి అత్త నాతో వస్తానని పట్టుబట్టి వచ్చి, ముందు వరసలో కూర్చుంది. ఊరి ఆడవాళ్లు ఆఫీసరు ముందు ఫోను పెట్టారు. గుమస్తా ఏదో సర్దిచెప్పబోయాడు. ఆఫీసరు అక్షరాలు కూడబలుక్కుని చదివి, గుమస్తాని చేత్తో వారించాడు.

"ఇది నేను అన్నది. కరెక్టు. తెలుగు తప్పు ఉంది. మాట తప్పు లేదు. ముందు జాగా చూపిస్తుంది."

అత్త నా మోచెయ్యి పొడిచింది. "ఏటన్నాడే? గడ్డిమేటు కదలడమే కనపడతన్నాది."

ఆయనన్నది అన్నట్టు ఫోనులో రాసి చూపించాను. చదువుకుని, నాతో ఒక్కదానితోనే అంటున్నాననుకుని, పందిరంతా మోగేలా అంది. "బాబుకి తెలుగు రాదు గానీ, మాటొచ్చునే!"

అందరికంటే గట్టిగా నవ్వింది ఆ ఆఫీసరే. మొదట చూపించిన జాగాని ఆడవాళ్లు నడిచి చూసి, నీరు నిలుస్తాది మాకొద్దన్నారు. ఇంకోటి చూపించారు. అది బాగుందన్నాకే పాత దిబ్బ ఖాళీ చేశారు. ఇప్పుడు నూకరత్నం నెత్తళ్లు అక్కడే ఆరుతున్నాయి.

అప్పటినుంచి మాది ఒకటే పద్ధతి. ఎవరు మాట్లాడినా, బయటికి వదిలే ముందు అక్షరాలు వాళ్లకే చూపిస్తాం. చదవడం రాకపోతే చదివి వినిపిస్తాం. చాలామంది అలాగే ఉంచమంటారు. కొందరు దిద్దమంటారు, దిద్దుతాం. ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారు తను అననే అనని సమాసాలు కూడా చేర్చమన్నారు. అది మాత్రం మా వల్ల కాదన్నాం. ఇదేం పద్ధతి, ఇంతసేపు పడుతుందా అని విసుక్కునేవాళ్లున్నారు. పడుతుంది. ఇందులో నాకు అనుమానమేమీ లేదు. మాట ఎవరిదో వాళ్లే చెప్పాలి అది ఎలా ఉండాలో.

కిందటేడు ఎండల్లో అత్తని కూడా కూర్చోబెట్టి వీడియో తీశాం. చాలాకాలం తప్పించుకుని, చివరికి ఒప్పుకుంది. ట్రంకాల్ రోజుల గురించి చెప్పింది. చావు కబుర్లూ పురుటి కబుర్లూ ఒకే తీగ మీద ఎలా వెళ్లేవో చెప్పింది. అక్షరాలు వేసి తీసుకెళ్లి చూపించాను. మామూలుగా ముక్కుకి ఆనించుకునే ఫోనుని ఈసారి దూరంగా పట్టుకుని చూసింది. ఒకచోట ఆపేసింది.

"నేనింకా 'సెప్పు' అనే అంటన్నానా?"

"అవును అత్తా."

"నిజంగా? నువ్వు కావాలని రాయలేదు కదా?"

"మీరు అన్నదే రాశాను."

తన గొంతు తను విని ఎన్నో ఏళ్లయిన మనిషి. ఆ వాక్యాన్ని వేలితో ముట్టుకుంటూ మళ్లీ మళ్లీ చదువుకుంది. తర్వాత ఇంకోచోట వేలు పెట్టింది. చావు కబురు సంగతి చెప్తూ గుటక మింగిన చోట నేను మూడు చుక్కలు పెట్టాను.

"ఈ సుక్కలు తీసీ. అది మాట కాదు, నా సొంతం."

తీసేశాను. "కనెక్టెడ్" అంది.

వానలు మొదలయ్యాక, నాలుగు రోజుల జ్వరంతో పోయింది. ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. దినం నాడు ఆ వీడియో వెయ్యాలని కొడుకు అనుకున్నాడు. విశాఖపట్నంలో బ్యాంకు మేనేజరు. ముందు రోజు నాకు ఫోను చేశాడు.

"మా ఆఫీసు వాళ్లు, వియ్యాలవారు వస్తారమ్మా. అమ్మ ఉద్యోగం చేసిన మనిషి. ఆ సెప్పు, సూడులు కొంచెం సరిచేసి ఇస్తారా?"

"ఆవిడ చూసి ఒప్పుకున్న అక్షరాలండీ అవి. మార్చమని చెప్పాల్సింది ఆవిడే."

"సరే, అలాగే పంపండి" అని పెట్టేశాడు.

భోజనాలకి ముందు హాల్లో వీడియో వేశారు. ఎవరూ నవ్వలేదు. అయ్యాక కొడుకు మైకు తీసుకున్నాడు. ముందే అనుకుని వచ్చినట్టున్నాడు. "మా మాతృమూర్తి విధి నిర్వహణలో ఎంతో నిబద్ధతతో పనిచేశారు. వారి జీవితం మా అందరికీ ఆదర్శప్రాయం" అన్నాడు. అక్కడ ఆగాడు. మళ్లీ మొదలుపెట్టేసరికి మైకులో వేరే మనిషి మాట్లాడుతున్నట్టుంది.

"నాను బళ్లోకి ఎల్లనని ఏడిస్తే, మా యమ్మ నన్ను డ్యూటీకి తీసుకుపోయి బల్ల కింద కూకోబెట్టీది. పైన తీగలు, కింద నాను. 'కదలకురా, నువ్వు కదిలితే కలకత్తా కట్టయిపోతాది' అనీది. నాను నిజమే అనుకున్నాను. కలకత్తా కోసం ఊపిరి బిగబట్టుకు కూకునీవోణ్ని..."

ఇంక ఆగలేదు. వియ్యాలవారు, ఆఫీసువాళ్లు, ఎక్స్ఛేంజీలో ఆవిడతో పనిచేసిన పెద్దవాళ్లు అలా వింటూ ఉండిపోయారు. వంటవాళ్లు కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

సింహాచలం అదంతా తీశాడు. నాలుగు రోజుల తర్వాత ఆయనన్నది అన్నట్టు అక్షరాలు వేసి, చూసి చెప్పమని ఆయనకి పంపించాను. సాయంత్రానికి జవాబు వచ్చింది.

"మొదటి రెండు వాక్యాలు తీసీండి. మిగతాది ఉంచీండి."